తిథి – తారీఖు – కంప్యూటరు

కాలం ఒక్కటే అయినా దానిని లెక్కించే పద్ధతులు పెక్కు. ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసేవారికి అది తిథి. కచేరీలో కొలువు చేసేవారికి తారీఖు. మేడ యెక్కి పడమటి దిక్కున నెలవంకను వెదికేవారికి చాంద్. మా తాతగారి భూమి కాగితాలలోనైతే ఫసలీ అనే మరొక సంవత్సరం కనిపిస్తుంది. క్రీస్తు శకం నుండి దాదాపు 590 తీసివేస్తే గాని అది ఏ యేడో బోధపడదు.

మా చిన్ననాటి ఇంటిలో ఒకే గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతూ ఉండేవి. కిరాణా దుకాణం వారిచ్చిన తెలుగు క్యాలెండరు ఒకటి. మసీదు నుండి తెచ్చిన ఉర్దూ క్యాలెండరు మరొకటి. మా నాన్నగారు బడిపంతులు. ప్రతి నెలా ఇరవై తొమ్మిదవ రోజు సాయంత్రం నెలవంక వార్త తెలిసిన తరువాత ఆయన పెన్సిలు తీసుకొని మొదట ఉర్దూ క్యాలెండరులోని తేదీలను దిద్దేవారు. ఆ వెంటనే తెలుగు క్యాలెండరులో ఆ గడిలోనే మూలగా అదే అంకె వేసేవారు. ఒకనాడు మేము, "ఒకదానిలో దిద్దితే చాలదా అబ్బా?" అని అడిగాము. "ఒకచోట దిద్ది ఊరుకోవడం అసలు దిద్దకపోవడం కంటె చెరుపు. మీ అమ్మ ఒకటి చూస్తుంది, నేను ఒకటి చూస్తాను. ఇద్దరమూ నిజమే చూశామనుకుంటాము" అన్నారు ఆయన.

ఆ మాటకు పూర్తి అర్థం మాకు ముప్పై యేళ్ళు దాటిన తరువాత, ఒక కంప్యూటరు పుణ్యమా అని, 2024వ సంవత్సరంలో తెలిసివచ్చింది. ఆ ముచ్చటనే ఈ సంచికలో విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాము. ఇందులో తప్పు చేసినవారము మేమే గనుక ఎవరినీ నిందించే ప్రసక్తి లేదు.

మాది ఉర్దూ, తెలుగు మాధ్యమాలు రెండూ ఉన్న కళాశాల అని పాఠకులకు తెలిసిందే. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివి ఇక్కడ తెలుగు బోధిస్తున్న ముసల్మానులము మేము. ఉర్దూ శాఖవారు మమ్ములను చనువుగా "తెలుగు సాబ్" అంటారు. ప్రిన్సిపాల్ గారు ఒకనాడు పిలిచి, "రెండు నోటీసు బోర్డులూ చదవగలవారు మీరు, రెండు విధాల పండుగల లెక్కలూ తెలిసినవారు మీరు. కళాశాల క్యాలెండరు బాధ్యత మీదే" అన్నారు. ఇంతటి గౌరవాన్ని కాదనడం ఎట్లా? సరే అన్నాము.

అప్పటికి పరిస్థితి ఇది. అధ్యాపకులందరి ఫోనులలోనూ గూగుల్ క్యాలెండరు ఉన్నది. తరగతులు, సమావేశాలు, ఇంటర్నల్ పరీక్షలు అందులో నమోదవుతాయి. ఒకరు రాస్తే అందరికీ కనిపిస్తుంది. ఆఫీసులోని పాత కంప్యూటరులోనో, థండర్‌బర్డ్ అనే ఉత్తరాల సాఫ్ట్‌వేరు, దానితోబాటు వచ్చే క్యాలెండరూ ఉన్నవి. గుమాస్తా గారు ప్రతి శుక్రవారం ఆ క్యాలెండరు నుండే ఒక పుట అచ్చు తీసి నోటీసు బోర్డుకు అంటిస్తారు. ఆకాశంలో ఒక క్యాలెండరు, బల్లమీద మరొకటి. ఈ రెంటికీ ముడివేయడమే మాకప్పగించిన పని. దీనిని ఇప్పటివారు 'సింక్ చేయడం' అంటారు. సమకాలీకరణం అంటే మన భాషలోనూ ఒదిగిపోతుంది.

మార్చి నెల మొదట మేము ఆ పనికి పూనుకొన్నాము. గూగుల్ క్యాలెండరు అమరికలలో 'ఎక్స్‌పోర్ట్' అనే మీట ఉన్నది. నొక్కితే ఒక ఫైలు చేతికి వచ్చింది. దాని పేరు చివర ఐ.సి.ఎస్. అనే మూడక్షరాలు. థండర్‌బర్డ్‌లో 'ఇంపోర్ట్' అన్నాము. క్షణంలో సెలవులు, సమావేశాలు, పరీక్షలు అన్నీ గడులలో వచ్చి వరుసగా కూర్చున్నవి. ఇంత తేలికైన పనికి ఇన్నాళ్ళూ ఎవరూ పూనుకోలేదేమా అని కొంత గర్వపడ్డామని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

మొదటి హెచ్చరిక హాస్యంగానే వచ్చింది. రంజాన్ మాసం మార్చి 12న మొదలైనది. ఆ వారంలో ఒకనాడు మా అటెండరు బోర్డు ముందు నిలబడి, "తెలుగు సాబ్, స్టాఫ్ మీటింగు పొద్దుగాల నాలుగున్నరకు పెట్టినారు. సహరీ కూడ ఈడనే చేస్తరా? చాయ్ నేనే తేవాల్నా?" అని అడిగాడు. చూస్తే నిజమే, పది గంటల సమావేశం తెల్లవారుజామున 4:30కి అచ్చయి ఉన్నది!

కారణం వెదికితే దొరికింది. ఇటువంటి ఫైలులో ఉదయం పది గంటలను పది గంటలుగానే రాయరు. మన దేశకాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి విశ్వసమయం కంటె అయిదున్నర గంటలు ముందున్నది. గనుక ఇక్కడి పది గంటలు అక్కడి లెక్కలో 4:30. ఫైలులో మొదట తేదీ, తరువాత 'టి' అనే అక్షరం, ఆపైన 043000, చివర 'జెడ్' అని ఉంటుంది. ఇది విశ్వసమయమని చెప్పే గుర్తు ఆ 'జెడ్'. చదివే కంప్యూటరు తానెక్కడ ఉన్నదో ఎరిగి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. మా ఆఫీసు కంప్యూటరును అంతకుముందే బాగుచేయించారు. అందులో దేశకాలం అమర్చడం మరచిపోయారు. భారత కాలమానమని దిద్దగానే సహరీ సమావేశం మళ్ళీ పదిగంటలకు చేరింది. అందరమూ నవ్వుకున్నాము. నవ్వి ఊరుకున్నాము. అక్కడే ఆగి, ఈ రెండు క్యాలెండర్ల నడుమ మనం వేసిన ముడి ఎటువంటిదని విచారించి ఉంటే తరువాతి కథ జరిగేది కాదు.

ఆ యేడు క్రోధి నామ సంవత్సర ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం నాడు వచ్చింది. రంజాన్ పండుగ 11వ తేదీ అని లెక్క. నడుమ 10వ తేదీ బుధవారం నాడు తెలుగు ఇంటర్నల్ పరీక్ష పెట్టుకొన్నాము. ఏప్రిల్ 2న అధ్యాపకులము కూర్చున్నప్పుడు ఉర్దూ శాఖ పెద్దాయన ఒక సందేహం తెచ్చారు. ఉగాదినాటి సాయంత్రం నెలవంక కనబడితే 10వ తేదీయే ఈద్ అవుతుంది గదా, అప్పుడు పరీక్ష సంగతేమిటి అని. సబబైన మాట. పరీక్షను 8వ తేదీ సోమవారానికి ముందుకు జరిపాము. మేమే అందరి ఎదుట ఫోనులో గూగుల్ క్యాలెండరు తెరచి తేదీ మార్చాము. అధ్యాపకులందరి ఫోనులలోనూ మారింది. ఫోనులున్న విద్యార్థులకు సందేశాలు వెళ్ళినవి. ఆఫీసు క్యాలెండరు కూడా దానంతట అదే మారుతుందని మా నమ్మకం.

అది మారలేదు. 5వ తేదీ శుక్రవారం గుమాస్తా గారు ఎప్పటివలెనే అచ్చు తీసి బోర్డుకు అంటించారు. అందులో తెలుగు పరీక్ష 10వ తేదీ అని నిక్షేపంగా ఉన్నది. 8వ తేదీన పరీక్ష జరిగింది. ఒక్కరు రాలేదు. ఉగాదికి ఊరికి వెళ్ళి ఉంటారనుకొన్నాము.

9వ తేదీ సాయంత్రం మేడ యెక్కాము. అమావాస్య ముందటి రాత్రియే ముగిసింది. సూర్యాస్తమయానికి చంద్రుని వయస్సు ఇరవై గంటలైనా నిండలేదు. కేరళలో, కాశ్మీరులో మరునాడే ఈద్ జరుపుకొన్నారు గాని దేశంలో ఎక్కువ భాగాన నెలవంక జాడలేదు. ఈద్ 11వ తేదీకే నిలిచింది. అంటే పరీక్షను జరపకపోయినా సరిపోయేదన్న మాట!

10వ తేదీ ఉదయం తొమ్మిదిన్నరకు మా తరగతి గది ముందు ఒక అమ్మాయి నిలబడి ఉన్నది. రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో అట్ట, కలము. తల్లి బీడీలు చుట్టి చదివిస్తున్నది. ఇంటిలోని ఒక్క ఫోనూ పట్నంలో పనిచేసే అన్న దగ్గర ఉంటుంది. ఆ అమ్మాయికి కళాశాల చెప్పే మాట చేరే దారి నోటీసు బోర్డు ఒక్కటే. పరీక్ష మొన్ననే అయిపోయిందమ్మా అన్నాము. ఆమె వాదించలేదు. నోటుపుస్తకం తెరచి చూపింది. "మూడుసార్లు చూసి రాసుకున్న సార్. పదో తారీఖనే ఉన్నది. నోటీసు బోర్డు తప్పు చెప్తదా సార్?" అన్నది.

వెళ్ళి చూశాము. బోర్డు తప్పే చెప్పింది. గుమాస్తా గారిని అడిగితే, "కంప్యూటరు ఇచ్చిందే నేను తీసిన సాబ్, నా చేత్తోని ఒక్క అక్షరం రాయలే" అన్నారు. ఆయనదీ నిజమే. కంప్యూటరుదీ నిజమే, మార్చి మొదట మేము దానికేమి చెప్పామో అదే అది చెప్పింది. మిగిలినవారము మేమే.

ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్లు చెప్పి, తప్పు మాదని రాసి ఇచ్చాము. 15వ తేదీ సోమవారం ఆ అమ్మాయికి వేరే ప్రశ్నపత్రంతో పరీక్ష పెట్టడానికి వారు అనుమతించారు. నడుమ ఈద్ వచ్చింది. ఇంటిలో శీర్ ఖుర్మా గిన్నె ముందు కూర్చున్నాము గాని, అట్ట పట్టుకొని నిలబడిన ఆ పిల్ల కళ్ళముందు నుండి పోలేదు. ఇంటర్నల్ మార్కులు లేక ఆమె ఆ సెమిస్టరు తప్పి ఉంటే? అడగడానికి జంకి బస్సెక్కి తిరిగి వెళ్ళిపోయి ఉంటే? అటువంటివారు మాకు తెలియకుండా ఎందరు వెళ్ళిపోయారో!

సెలవులలో కూర్చొని ఈ విద్యను మొదటినుండి నేర్చుకొన్నాము. తెలిసినదానిని సాహిత్య విద్యార్థులకు అర్థమయ్యే రీతిలో చెబుతాము.

రెండు క్యాలెండర్లను కలపడానికి మూడు మార్గాలున్నవి. మొదటిది మేము చేసిన 'ఇంపోర్ట్'. ఇది పత్రిక సంచిక నొకదానిని కొని ఇంటిలో దాచుకొనడం వంటిది. ఆ తరువాత పత్రికలో ఎన్ని సవరణలు వచ్చినా మన అటకమీది సంచిక మారదు. అది నకలు మాత్రమే, ముడి కాదు. రెండవది చందా. ఆకాశంలోని క్యాలెండరుకు ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామాను బల్లమీది సాఫ్ట్‌వేరుకు ఇస్తే అది నియమిత వ్యవధికొకసారి, అరగంటకో గంటకో, వెళ్ళి కొత్త ప్రతిని తెచ్చుకొంటుంది. కాని చందాదారు పత్రికను చదవగలడే తప్ప అందులో దిద్దలేడు. పైగా ఆ రహస్య చిరునామా ఎవరి చేతిలో పడితే వారు మన క్యాలెండరంతా చదవగలరు. తాళంచెవి వలె దాచుకోవాలి. మూడవది సంపాదకుని బల్ల దగ్గర మనమూ కూర్చొనడం. దీనికి కాల్‌డావ్ అని పేరు. ఇక్కడ దిద్దితే అక్కడ మారుతుంది. అక్కడ దిద్దితే ఇక్కడ మారుతుంది. థండర్‌బర్డ్‌లో కొత్త క్యాలెండరు చేర్చేటప్పుడు 'నా కంప్యూటరులో' అనీ 'నెట్‌వర్క్ మీద' అనీ రెండు దారులు చూపుతుంది. రెండవదానిని ఎన్నుకొని, గూగుల్ ఖాతాతో ప్రవేశిస్తే ఈ మూడవ మార్గం తెరచుకొంటుంది.

ఇన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఒకదాని మాట మరొకటి ఎట్లా అర్థం చేసుకొంటున్నవని మాకు ఆశ్చర్యం కలిగింది. వీటన్నిటికీ ఉమ్మడి వ్యాకరణం ఒకటున్నది. ఐక్యాలెండర్ అనే ఆ లిపిని 1998లో ప్రమాణంగా ప్రకటించారు, 2009లో ఆర్.ఎఫ్.సి. 5545 అనే పేర సంస్కరించారు. కాల్‌డావ్ 2007 నాటిది. ప్రమాణం లేకుండా ఒక్కొక్క జతకు ఒక్కొక్క మధ్యవర్తిని పెట్టుకొంటే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉన్నది. గూగుల్ క్యాలెండరుకూ మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్‌కూ నడుమ 2008లో ఒక చిన్న సాఫ్ట్‌వేరును గూగుల్ వారే నియమించారు. 2014 ఆగస్టు 1న దానికి విశ్రాంతి ఇచ్చారు. మధ్యవర్తులు వెళ్ళిపోతారు, వ్యాకరణం నిలుస్తుంది. భాషోపాధ్యాయులమైన మాకు ఈ సత్యం ఎంతో ఊరట కలిగించింది.

ఆ వ్యాకరణంలో రెండు సూత్రాలు మాకు మిక్కిలి నచ్చినవి. ప్రతి నమోదుకూ యు.ఐ.డి. అనే గుర్తింపు ఒకటి ఉంటుంది. తేదీ మారినా, పేరు మారినా ఆ గుర్తు మారదు. అందువలననే ఇది కొత్త పరీక్ష కాదు, పాత పరీక్షయే జరిగిందని రెండవ యంత్రం గ్రహిస్తుంది. మనం పాతదానిని తుడిచి చేతితో మళ్ళీ కొత్తది రాస్తే ఆ పరిచయం తెగిపోతుంది. రెండవ సూత్రం, ఇద్దరు ఒకేసారి దిద్దినప్పటిది. సర్వరు ప్రతి నమోదుకూ ఒక ముద్ర వేసి ఉంచుతుంది. ఎవరు దిద్దినా ముద్ర మారుతుంది. సవరణ పంపే యంత్రం తాను చూసిన ముద్రను వెంట తీసుకువెళ్ళాలి. నడుమ మరొకరు దిద్ది ఉంటే ముద్ర కలవదు. 412 అనే అంకెతో సర్వరు తిరస్కరిస్తుంది. "నీవు చూసిన తరువాత ఇది మారింది; మళ్ళీ చూసి రా" అని దాని భావం. మనుషుల సమావేశాలలో కూడా ఇటువంటి మర్యాద ఉంటే ఎన్ని కలహాలు తప్పేవో!

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సమకాలీకరణం మంచిని చేర్చినంత వేగంగా చెడునూ చేరుస్తుంది. ఒకచోట పొరపాటున తుడిచివేస్తే అన్నిచోట్లా తుడిచిపోతుంది. గనుక మా మొదటి ఇంపోర్ట్ ఫైలును ఇప్పుడు పూర్తిగా నిరసించము. నెలకొకసారి ఆ ఐ.సి.ఎస్. ఫైలు తీసి వేరుగా భద్రపరుస్తున్నాము. నకలును నకలుగా తెలిసి దాచుకొంటే అది ఆపద్బాంధవి. ముడి అని భ్రమించినప్పుడే అది మోసగిస్తుంది.

ఇంకొకటి. 'ప్రతి సంవత్సరం ఇదే రోజు' అని క్యాలెండరుకు చెబితే అది ఇంగ్లీషు లెక్కనే పట్టుకొంటుంది. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులే. అందుచేత మన పండుగలు యేటా దాదాపు పదకొండు రోజులు వెనుకకు జరుగుతాయి. ఇతర పంచాంగాల ప్రకారం పునరావృత్తిని చెప్పే పద్ధతిని కూడా 2015లో ప్రమాణంగా ప్రకటించారు. అయినా నెలవంక కనబడిందా లేదా అన్నది ఏ సూత్రమూ ముందుగా చెప్పలేదు. దానికి మేడ యెక్కిన కన్ను కావాలి. ఆ కన్ను చూసిన తరువాత దిద్దే చేయి కావాలి.

ఇప్పుడు ఆఫీసు కంప్యూటరు, మా ఫోనులు కాల్‌డావ్‌తో ముడిపడి ఉన్నవి. నియమించిన రోజున గుమాస్తా గారిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, మేము మైదానంలో నిలబడి ఫోనులో ఒక తేదీ మార్చాము. కొంతసేపటికి ఆయన కిటికీలో నుండి, "వచ్చింది సాబ్!" అని కేక వేశారు. ఆయన మార్చిన తేదీ మా ఫోనులో కనిపించింది. రెండు దిక్కులా పరీక్షించిన తరువాతనే నమ్మాము.

అయితే ఈ ముడి ఎక్కడిదాకా ఉన్నది? అచ్చుయంత్రం దాకా. అక్కడినుండి నోటీసు బోర్డు దాకా తీగా లేదు, సర్వరూ లేదు. గోడకు అంటించిన కాగితం అరగంటకొకసారి వెళ్ళి కొత్త తేదీని తెచ్చుకోదు. ఫోను లేని ఆ అమ్మాయి చదివేదేమో ఆ కాగితాన్నే. గనుక రెండు నియమాలు పెట్టుకొన్నాము. అచ్చు పుట అడుగున, ఇది ఏ రోజున ఏ వేళకు తీసినదో ఉంటుంది. క్యాలెండరులో తేదీ మార్చిన అధ్యాపకుడు తానే స్వయంగా వెళ్ళి బోర్డు మీద పాత తేదీని ఎర్ర సిరాతో కొట్టివేసి, కొత్తది రాసి, సంతకం చేయాలి. ఉర్దూ బోర్డు మీదా, తెలుగు బోర్డు మీదా. ఈ పని ముగిసేదాకా తేదీ మారినట్లు కాదు.

మొదట కొందరు నవ్వారు. ఇంత కంప్యూటరు పెట్టుకొని మళ్ళీ ఎర్ర సిరా ఎందుకన్నారు. మేము వారికి మా నాన్నగారి పెన్సిలు సంగతి చెప్పాము. రెండు క్యాలెండర్ల ముందు నిలబడి ఆయన చేసినది ఇదే గదా. యంత్రం ఆ శ్రమలో చాలా భాగాన్ని తన మీద వేసుకొన్నది, అందుకు కృతజ్ఞులము. మిగిలిన కొద్ది భాగం మాత్రం మనదే. తేదీని మార్చే అధికారం ఎవరికున్నదో, దానిని నమ్ముకొన్న చిట్టచివరి మనిషి దాకా ఆ మార్పును చేర్చే బాధ్యత కూడా వారిదే.

ఆ అమ్మాయి 15వ తేదీన వచ్చి పరీక్ష రాసింది. ఖాళీ గదిలో ఆమె ఒక్కతే, ఎదుట మేము ఒక్కరమే. జవాబు పత్రం ఇచ్చి వెళ్ళేటప్పుడు వరండాలోని బోర్డు ముందు ఆగి, తరువాతి పరీక్ష తేదీ చూసి నోటుపుస్తకంలో రాసుకొన్నది. రెండడుగులు వేసి మళ్ళీ వెనుకకు తిరిగి, "ఇది ఖాయమే గద సార్?" అని అడిగింది. ఫోను తీసి చూశాము. ఆఫీసులోకి వెళ్ళి కంప్యూటరు చూశాము. తిరిగి వచ్చి బోర్డు చూశాము. మూడింటిలోనూ ఒకే తేదీ ఉన్నది.

"ఖాయమేనమ్మా, మారితే మేమే వచ్చి ఇక్కడ దిద్దుతాము" అన్నాము.